జిమ్‌లో నడుం పట్టేసింది, కాలు లాగుతోంది: ఈ వారం ఏం చేయాలి?

మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. మంగళవారం సాయంత్రం మారతహళ్ళిలో మీ పీజీ పక్కనున్న జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువుల బార్ ఎత్తడం) చేస్తున్నారు. 80 కిలోల మూడో సెట్‌లో బార్ ఇంకా మోకాళ్ళ దాకా రాకముందే నడుం కింద 'టక్'మంది. బార్ వదిలేసి మ్యాట్ మీదే కూలబడ్డారు. ఇద్దరు పట్టుకుని ఆటో ఎక్కించారు. ఇవాళ మూడో రోజు. నడుం ఒక పక్కకు ఒరిగిపోయింది, తుమ్మితే ప్రాణం పోయినట్టుంది, కుడి పిర్రలోంచి తొడ వెనకగా మోకాలి దాకా లాగుతోంది. ట్రైనర్ గట్టిగా మసాజ్ చేయించుకోమన్నాడు. మొదట చూపించుకున్న చోట వెంటనే ఎంఆర్ఐ తీయించి అడ్మిట్ అవ్వమన్నారు. గుంటూరు నుంచి అమ్మగారు వచ్చేయమంటున్నారు, పుత్తూరు కట్టు కట్టిద్దామని. మీకు 29 ఏళ్ళు, వచ్చే శనివారం చెల్లెలి నిశ్చితార్థం. డిస్క్ జారిందా, ఎవరికి చూపించాలి, మళ్ళీ ఎప్పటికైనా బరువు ఎత్తగలనా అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. మాది నెల్లూరు, బెంగళూరు వచ్చి 17 ఏళ్ళయింది. మారతహళ్ళి, బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి మీలాగే నడుం పట్టుకుని వచ్చే మన పిల్లల్ని వారానికి నలుగురైదుగురినైనా చూస్తాను. మిమ్మల్ని ఎదురుగా పడుకోబెట్టి చూసినట్టు దూరం నుంచి చూడలేను. కానీ ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు ఓపిక పట్టాలో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మిగతాదంతా పక్కన పెట్టి ఒక్కటి చూసుకోండి. మూత్రం ఎప్పటిలా వస్తోందా? నిండినట్టు తెలుస్తోందా, ధార సరిగ్గా ఉందా, అయ్యాక ఖాళీ అయినట్టు అనిపిస్తోందా? దొడ్డికి వెళ్ళి కడుక్కునేటప్పుడు నీళ్ళు, చేయి తగులుతున్నట్టు తెలుస్తోందా? సైకిల్ సీటు మీద కూర్చుంటే ఆనే చోటు ఉంటుంది కదా, తొడల లోపలివైపు, మర్మాంగాల చుట్టూ, అక్కడ మొద్దుబారిందా? నొప్పిగానీ తిమ్మిరిగానీ రెండు కాళ్ళలోకీ దిగిందా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇది చదవడం ఆపేసి ఇప్పుడే బయల్దేరండి. రాత్రయినా సరే, ఎంఆర్ఐ ఉండి, న్యూరోసర్జన్ గానీ వెన్నెముక సర్జన్ గానీ అందుబాటులో ఉండే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. నడవలేకపోతే 108కి ఫోన్ చేయండి. వెన్నుపాము అయిపోయిన చోటి నుంచి గుర్రపు తోకలా పాయలు పాయలుగా నరాలు దిగుతాయి, ఆ కట్టనే కాడా ఈక్వినా అంటారు. డిస్క్ ముక్క ఒకటి బయటికొచ్చి ఆ కట్టను మొత్తంగా అదిమేస్తే ఇలా అవుతుంది. చాలా అరుదు. కానీ అయితే మాత్రం గంటల మీద పని. 48 గంటలు దాటేకొద్దీ మూత్రం మీద పట్టు తిరిగి రావడం కష్టమవుతుంది.

దీని గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట ఒకబ్బాయి నా దగ్గరికి నడుచుకుంటూనే వచ్చాడు. రెండు రోజుల కిందట బాగా నొప్పిగా ఉండేదట, ఇప్పుడు తగ్గిందని నవ్వుతూ చెప్పాడు. బల్ల మీద పడుకోబోతూ, 'పొద్దుట్నుంచి మూత్రం రాలేదు మేడమ్, మాత్రలకు వేడి చేసినట్టుంది, మజ్జిగ తాగుతున్నా' అన్నాడు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే కుండ బోర్లించినట్టు గట్టిగా ఉంది. తొడ లోపలివైపు దూదితో తాకితే తెలియలేదు. అక్కడినుంచి అటే ఆసుపత్రికి పంపించాను, ఆ రాత్రే ఆపరేషన్ అయింది. మామూలు కావడానికి నెలలు పట్టింది, కానీ అయ్యాడు. నొప్పి తగ్గింది కదా అని ఇంకొక్క రోజు మజ్జిగతో సరిపెట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది.

తర్వాత కాళ్ళ బలం. గోడకు రెండు చేతులూ ఆనించి కుడికాలి మునివేళ్ళ మీద ఒంటికాలితో లేవండి, వీలైతే పదిసార్లు. తర్వాత ఎడమకాలితో. తర్వాత మడమల మీద నాలుగడుగులు వేయండి, పాదం ముందుభాగం నేలకు తగలకుండా. చివర్న కుర్చీలో కూర్చుని రెండు బొటనవేళ్ళనూ పైకి లేపి ఉంచి, మీ స్నేహితుడిని వాటిని కిందికి నొక్కమనండి. ఏ వేలు ముందుగా లొంగిపోతోందో తెలిసిపోతుంది. మునివేళ్ళ మీద లేవలేకపోతే నడుం నుంచి కాలికి దిగే ఎస్1 నరం, మడమల నడక తడబడినా బొటనవేలు లొంగినా ఎల్5 నరం నలుగుతోందని మాకు అనుమానం వస్తుంది. నొప్పి పుట్టి ఆపేయడం వేరు, నొప్పి లేకపోయినా పాదం మాట వినకపోవడం వేరు. రెండోది అయితే, చెప్పు జారిపోతున్నా, పాదం ఈడుస్తున్నా, ఆ రోజే స్పెషలిస్టు చూడాలి. మీరు తిమ్మిరి లేదని, మూత్రం మామూలుగానే ఉందని, లాగడం మోకాలితో ఆగుతోందని రాశారు. ఇవి మూడూ మంచి మాటలు. అయినా ఈ పరీక్ష రోజూ ఒకసారి చేసుకోండి.

జ్వరం ఉన్నా, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతూ బరువు తగ్గుతున్నా, పడుకున్నా లేచినా ఒకే తీరుగా రాత్రంతా నొప్పి ఉన్నా, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చినా, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినా కథ వేరు. మన దేశంలో వెన్నెముకకు టీబీ రావడం ఇంకా చూస్తూనే ఉన్నాం. అలాంటివారు నేను కింద రాసేవి పాటిస్తూ కూర్చోకూడదు, డాక్టరుకు చూపించాలి.

ఇవేవీ లేవనుకుంటే, ఇక మీతో నేను చెప్పాలనుకున్న అసలు మాట. నొప్పి ఎంతుందో దెబ్బా అంతే ఉందని లెక్క కట్టకండి. ఆ మజ్జిగ అబ్బాయికి నొప్పి తక్కువ, ప్రమాదం ఎక్కువ. మీకు నొప్పి భరించలేనంత, కానీ మీరు రాసిన లక్షణాల్లో ప్రమాదం కనిపించడం లేదు.

నడుం దగ్గర అయిదు వెన్నుపూసలు, వాటి మధ్య డిస్కులు. చుట్టూ ఉల్లిపొరల్లా గట్టి నార, లోపల ముంజెలాంటి గుజ్జు. పైపూసకూ కిందపూసకూ గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి 'జారడం' అన్న మాటే తప్పు. పళ్ళెంలో ఇడ్లీ జారినట్టు అది ఎటూ జారదు. నార పొరలు బలహీనపడి ఉబ్బవచ్చు, చీలి లోపలి గుజ్జు కొంత బయటికి రావచ్చు. ఎక్కువగా కింది రెండింటిలోనే జరుగుతుంది, 4, 5 పూసల మధ్య, 5వ పూసకూ త్రికాస్థికీ (పిర్రల మధ్య పైనుండే ఎముకకూ) మధ్య. చీలిన డిస్క్ నరాన్ని నొక్కితే కాలి నొప్పి వస్తుందని బోస్టన్‌కు చెందిన మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు 1934లో రాశారు. అది నిజం. కానీ అప్పట్నుంచీ ప్రతి నడుంనొప్పినీ డిస్క్ నెత్తిన వేయడం కూడా అలవాటైపోయింది. నడుంనొప్పుల్లో నూటికి 90 దాకా ఫలానా చోటే, ఫలానా కారణమే అని వేలు పెట్టి చూపించలేనివే. కండరం కావచ్చు, చిన్న కీలు కావచ్చు, డిస్క్ నారలో గీత కావచ్చు. ఏదైనా మొదటి కొన్ని వారాల వైద్యం దాదాపు ఒకటే. 'టక్'మన్న శబ్దం గురించి అంత ఆలోచించకండి. ఆ చప్పుడును బట్టి లోపల ఏమైందో ఎవరూ చెప్పలేరు. నడుం పక్కకు ఒరిగిపోవడం చూసి ఎముక పక్కకు పోయిందని భయపడతారు. అది కండరాలు పలక కట్టినట్టు బిగుసుకుని ఆ చోటును కాపలా కాయడం. నొప్పి తగ్గుతుంటే అదే నిటారుగా వచ్చేస్తుంది.

ఇక ఎంఆర్ఐ. అది మంచి పరీక్షే, నేనూ పంపిస్తాను. కానీ ఇవాళ, మీకు కాదు. 2015లో 3,110 మంది స్కాన్లను కలిపి చూసిన ఒక పెద్ద సమీక్ష వచ్చింది. వాళ్ళందరూ నడుంనొప్పి లేనివాళ్ళే. 20 ఏళ్ళవారిలోనే 37 శాతం మందికి డిస్కులు అరిగినట్టు, 30 శాతం మందికి ఉబ్బినట్టు కనిపించింది. 80 ఏళ్ళ వాళ్ళలో అరుగుదల 96 శాతం. అంటే ఇప్పుడు తీయిస్తే మీకు 'ఎల్4-ఎల్5 బల్జ్' (4, 5 పూసల మధ్య డిస్క్ ఉబ్బింది) అని కాగితం మీద వచ్చే అవకాశం బాగానే ఉంది. అది మంగళవారం వచ్చిందో, అయిదేళ్ళుగా ఉందో ఆ కాగితం చెప్పదు. కానీ ఆ మాట మీ బుర్రలో కూర్చుంటుంది. నా దగ్గరికి ఒకమ్మాయి నాలుగేళ్ళ నాటి రిపోర్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది. మడత పెట్టిన చోట కాగితం చిరిగి టేపు అతికించి ఉంది. నొప్పి ఎప్పుడో పోయింది, అయినా నాలుగేళ్ళుగా బిందె ఎత్తలేదు, తన పిల్లాడిని ఎత్తుకోలేదు. ఎంఆర్ఐ తీయాల్సింది పైన చెప్పిన ప్రమాద సూచనలు ఉన్నప్పుడు, కాలి బలం తగ్గుతున్నప్పుడు, లేదా ఆరు వారాలు సరిగ్గా చూసుకున్నా కాలి నొప్పి వదలనప్పుడు, ఇంజెక్షనో ఆపరేషనో ఆలోచించాల్సి వచ్చినప్పుడు.

ఒకవేళ డిస్క్ ముక్క నిజంగానే బయటికి వచ్చి ఉన్నా, చాలా సందర్భాల్లో ఒళ్ళే దాన్ని కరిగించుకుంటుంది. స్కాన్లు మళ్ళీ తీసి చూసిన అధ్యయనాలన్నీ కలిపితే, విడిపోయి పడిన ముక్కలు 96 శాతం, బయటికి పొడుచుకొచ్చినవి 70 శాతం తగ్గాయని 2015 నాటి ఇంకో సమీక్షలో తేలింది. పెద్ద ముక్క అంటే పెద్ద ముప్పు అనుకుంటాం. కరిగిపోవడంలో ముందుండేవి ఆ పెద్దవే.

అడ్మిట్ అవ్వమన్నారన్నారు కాబట్టి ఒక మాట. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, స్కాన్ డబ్బులు అందులో వస్తాయి, ఒక రాత్రి పడుకోండి అని చెప్పడం ఇక్కడ మామూలైపోయింది. పరీక్షల కోసమే చేరితే, ఉత్త విశ్రాంతి కోసమే చేరితే ఆ ఖర్చు ఇవ్వనవసరం లేదని మన ఆరోగ్య పాలసీల్లో ప్రామాణిక మినహాయింపులు రాసి ఉంటాయి. చేరే ముందు పాలసీ చూసుకోండి. చేరి, క్లెయిమ్ తిరస్కరించాక గదీ, స్కానూ కలిపి జేబులోంచి కట్టిన పిల్లల్ని చూశాను.

మంచం సంగతికి వస్తాను, ఎందుకంటే మీరు మూడు రోజులుగా పడుకునే ఉన్నారు. 1995లో ఫిన్‌లాండ్‌లో, హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు రెండు రోజులు మంచం, ఒక గుంపుకు వ్యాయామం, ఒక గుంపుకు నొప్పి ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు. అందరికన్నా త్వరగా కోలుకున్నది ఈ మూడో గుంపు. ఇది గట్టి వ్యాయామం చేయమని చెప్పడం కాదు, గమనించండి. వ్యాయామం గుంపు కూడా వీళ్ళకన్నా వెనకబడింది. లేవండి, పళ్ళు తోముకోండి, కిందికి వెళ్ళి టీ తాగి రండి, పడుకోండి, మళ్ళీ లేవండి. అదీ పని.

మంచం మీద నుంచి లేవడమే మీకిప్పుడు పెద్ద యుద్ధం కదా. వెల్లకిలా పడుకుని తల లేపి లేవబోతే నడుం పట్టేస్తుంది. రెండు మోకాళ్ళూ మడవండి. భుజాలు, తుంటి, మోకాళ్ళు ఒక్కసారే కదిలేలా ఒక దుంగ దొర్లినట్టు ఎడమ పక్కకు తిరగండి. మంచం అంచుకు రండి. కాళ్ళు కిందికి వదులుతూ, అదే సమయంలో మోచేత్తో, ఇంకో అరచేత్తో మంచాన్ని నెట్టండి. కాళ్ళ బరువే మిమ్మల్ని పైకి లేపుతుంది. కూర్చున్నాక రెండు ఊపిరులు తీసుకుని, తొడల మీద చేతులు వేసి ముందుకు జరిగి నిలబడండి. ఊపిరి బిగబట్టకండి. తుమ్ము వస్తుంటే వెంటనే గోడనో బల్లనో ఒక చేత్తో పట్టుకుని, మోకాళ్ళు కాస్త మడిచి, నడుం నిటారుగా ఉంచి తుమ్మండి. ఇంత చిన్న పనికి అంత తేడా ఉంటుందా అనుకుంటారు, ఒకసారి చేసి చూడండి. ఈ వారం వెస్టర్న్ టాయిలెట్టే వాడండి. మాత్రలకు మలబద్ధకం వస్తే ముక్కడం వల్ల నొప్పి రెట్టింపవుతుంది, అందుకని నీళ్ళు, అరటిపండు, ఆకుకూర మానకండి. సాక్స్, షూ లేస్ జోలికి పోకుండా చెప్పులు వేసుకోండి. నేల మీద పడుకోమని పెద్దవాళ్ళు చెబుతారు, అవసరం లేదు. మరీ కుంగిపోని పరుపు చాలు, మోకాళ్ళ కింద దిండు పెట్టుకోండి, పక్కకు తిరిగితే మోకాళ్ళ మధ్య పెట్టుకోండి. బైక్ మాత్రం రెండు వారాలు ముట్టకండి. రింగు రోడ్డు మీద గుంతలూ హంపులూ మీకు తెలియనివి కావు.

ఇంటి నుంచి పని చేస్తానన్నారు. మంచం మీద దిండ్లు పెట్టుకుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకోవడం కన్నా నడుంకి పెద్ద శిక్ష లేదు. కుర్చీ, నడుం వెనక చుట్టిన టవల్, అరగంటకోసారి లేవడం. నిలబడి కాల్స్ మాట్లాడండి. పీజీలో ఎత్తు బల్ల ఉండదు, ఇస్త్రీ బల్లో, అల్మారాలో నడుమెత్తు అరో చాలు.

మాత్రల గురించి నేను డోసు చెప్పను, అది డాక్టరు పని. కానీ కొన్ని తెలుసుకుని వెళ్ళండి. ఒక్క పారాసెటమాల్ మీదే ఆశ పెట్టుకోకండి. ఆస్ట్రేలియాలో 1,600 మందికి పైగా హఠాత్తు నడుంనొప్పి వచ్చినవారికి ఇచ్చి చూస్తే మందు లేని ఉత్త బిళ్ళకన్నా త్వరగా తగ్గించలేదని 2014లో తేలింది. ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటివి కొద్ది రోజులు కొంత సాయపడతాయి. కానీ కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా, బీపీ ఉన్నవారికి అవి మంచివి కావు. వర్షాకాలంలో బెంగళూరులో డెంగీ తిరుగుతుంటుంది, జ్వరం కూడా ఉంటే సొంతంగా అసలు వేసుకోకండి. కాలు లాగుతోందనగానే మెడికల్ షాపులో నరాల నొప్పికి వాడే ప్రెగాబాలిన్ కలిసిన మాత్ర చేతిలో పెట్టేస్తారు. సయాటికాకు, అంటే నడుం దగ్గర నరం నలిగి కాలు లాగే నొప్పికి, అది ఉత్త బిళ్ళకన్నా మెరుగ్గా పనిచేయలేదని, తల తిరుగుడు మాత్రం ఎక్కువైందని 2017లో వచ్చిన పరీక్ష చెప్పింది. నిద్రమత్తులో పీజీ మెట్లు దిగడం మీకిప్పుడు వద్దు.

కాపడం పెట్టుకోండి, దానికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. 15, 20 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. వేడినీళ్ళ బ్యాగైనా, ఉప్పుమూటైనా, వావిలాకు వేసి కాచిన నీళ్ళలో ముంచిన తువ్వాలైనా. అమ్మగారు వావిలాకు అంటే కాదనకండి. కానీ చర్మం కాలేంత వేడి పెట్టకండి. బిగుసుకున్న కండరానికి వెచ్చదనం హాయినిస్తుంది, ఆ హాయిలో మీరు నాలుగడుగులు ఎక్కువ వేస్తారు. మసాజ్ తేలికగా అయితే నష్టం లేదు. ట్రైనర్ చెప్పినట్టు మోచేత్తో గుచ్చి, నడుం మెలితిప్పి 'టక్'మనిపించేది మాత్రం ఈ స్థితిలో వద్దు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళతో నడుం తొక్కించే అలవాటు మన ఊళ్ళలో ఉంది. మా మేనత్త కూడా తొక్కించుకునేది. దయచేసి చేయించుకోకండి. పుత్తూరు కట్టు విరిగిన చేతికీ కాలికీ కట్టేది. మీకు ఎముక విరిగిన సూచనలేవీ లేవు, నడుంకి కట్టు బిగిస్తే కదలాల్సినవాడు కదలకుండా అయిపోతాడు. అమ్మగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి: విరిగితే కడతారు, పట్టేస్తే కదిలిస్తారు. బెల్ట్ కూడా అంతే. ప్రయాణంలో గంట, రెండు గంటలు పెట్టుకోండి, ఇంట్లో తీసేయండి.

ఎవరికి చూపించాలన్నారు. ప్రమాద సూచనలు లేకపోతే ఒక మంచి జనరల్ ఫిజీషియన్ గానీ ఆర్థోపెడిక్ డాక్టరు గానీ, వారితో పాటు ఫిజియో చాలు. మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి కాలు నిటారుగా లేపి చూశారా, మోకాలి దగ్గర, మడమ దగ్గర సుత్తితో కొట్టి చూశారా, బొటనవేలి బలం చూశారా, మూత్రం గురించి అడిగారా? పది నిమిషాల పని అది. మనిషిని ముట్టుకోకుండా స్కాన్ కాగితం రాసిచ్చేచోటికి రెండోసారి వెళ్ళకండి. డబ్బు ఇబ్బందైతే జయనగర్‌లో ప్రభుత్వ సంజయ్ గాంధీ ట్రామా, ఆర్థోపెడిక్స్ సంస్థ ఉంది. నరాల సంగతి తీవ్రమైతే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఉంది, కోరమంగలలో సెయింట్ జాన్స్ ఉంది. ఫిజియో దగ్గరా ఇదే కొలబద్ద. కరెంటు ప్యాడ్లు అంటించి, అరగంట పడుకోబెట్టి, పది సిట్టింగుల ప్యాకేజీ అమ్మితే వచ్చేయండి. మీ చేత కదలికలు చేయించి, ఇంట్లో ఏం చేయాలో నేర్పి, వారం తర్వాత రమ్మనేవాళ్ళు దొరికితే వదలకండి.

ఇంతకీ ఎప్పటికి తగ్గుతుంది? మీలాంటివాళ్ళలో ఎక్కువమందికి మొదటి వారంలోనే నిలబడటం, నడవడం తేలికవుతుంది, నాలుగు నుంచి ఆరు వారాల్లో రోజువారీ బతుకు మామూలవుతుంది. తగ్గుదల మెట్లలా ఉండదు. మూడు రోజులు బాగుండి నాలుగో రోజు మళ్ళీ పట్టేస్తుంది. ఆ నాలుగో రోజు అందరూ బెంబేలెత్తిపోతారు, మీరూ అవుతారు. కాళ్ళ పరీక్ష చేసుకుని, మారకపోతే కొనసాగించండి. ఒక గుర్తు చెబుతాను. కాలిలోని లాగుడు మోకాలి నుంచి తొడకు, తొడ నుంచి పిర్రకు పైకి ఎక్కుతుంటే, నడుంలో కాస్త ఎక్కువైనా సరే, అది మంచి దారి. పిక్కలోకి, పాదంలోకి దిగుతుంటే అది మంచి దారి కాదు, అప్పటిదాకా చేస్తున్నది ఆపి చూపించుకోండి. ఆరు నుంచి పన్నెండు వారాలు దాటినా కాలి నొప్పితో నిద్ర లేకపోతే ఆపరేషన్ మాట్లాడుకోవచ్చు, అదేమీ పాపం కాదు. తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని నెదర్లాండ్స్‌లో రెండు గుంపులు చేసి చూశారు. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి ముందుగా తగ్గింది, ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఒకే చోట ఉన్నాయి. ఆగినవారిలో 39 శాతం మందికి చివరికి ఆపరేషన్ చేయాల్సి వచ్చిందన్నది కూడా నిజం.

ఇప్పుడు మీ గుండెలో ఉన్న ప్రశ్న, మళ్ళీ బరువు ఎత్తగలనా అని. ఎత్తగలరు. డెడ్‌లిఫ్ట్ మీద కోపం పెంచుకోకండి. మీరు రాసినదాంట్లో నా కన్ను పడింది వేరేచోట. ముందురోజు రాత్రి ఆఫీసు పనిలో రిలీజ్ ఉండి నాలుగు గంటలే నిద్రపోయారు. తొమ్మిది గంటలు కుర్చీలో ఉండి, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని, జిమ్‌లోకి వచ్చిన పది నిమిషాల్లో 80 కిలోల దగ్గర ఉన్నారు. గత నెల వరకూ మీరు ఎత్తింది 60. నడుం ఆ బరువుకు ఓడిపోలేదు, ఆ రోజుకు ఓడిపోయింది.

నడకతో మొదలుపెట్టండి. రేపటి నుంచి అయిదు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు, పీజీ వరండాలోనే. వారం తర్వాత పది, పదిహేను నిమిషాలు చేసి, మారతహళ్ళి ఫుట్‌పాత్‌లు నమ్మకుండా వారాంతంలో కైకొండ్రహళ్ళి చెరువు గట్టుకో, అగర చెరువుకో వెళ్ళండి. 2024లో ఆస్ట్రేలియాలో 701 మంది మీద వచ్చిన పరీక్ష నాకు చాలా ఇష్టం. నొప్పి తగ్గినవాళ్ళకు ఫిజియో సలహాతో నడక మెల్లగా పెంచారు, అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు లక్ష్యంగా. నడిచిన గుంపులో సగం మందికి నొప్పి మళ్ళీ రావడానికి 208 రోజులు పట్టింది, మిగతా గుంపులో 112 రోజులే. ఖర్చు చెప్పుల జత.

అరగంట నొప్పి పెరగకుండా నడవగలిగాక, నేలమీద మూడు తేలిక వ్యాయామాలు: చేతులూ మోకాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు (కుడిచెయ్యి, ఎడమకాలు) చాపడం, పక్కకు తిరిగి మోచేయి మీద ఒళ్ళు లేపి ఉంచే పక్క ప్లాంక్, నడుం కింద చేతులు పెట్టుకుని తలా భుజాలూ కొంచెం లేపడం. ఒక్కోటి పది సెకన్లు పట్టి వదలడం. తర్వాత కర్ర ఒకటి తీసుకుని తల వెనక, వీపు మధ్య, త్రికాస్థి, మూడు చోట్లా ఆనేలా నిలువుగా పట్టుకుని, ఆ మూడూ విడిపోకుండా తుంటి దగ్గర వంగడం నేర్చుకోండి. ఇది వచ్చేదాకా నేను ఎవరిచేతా బార్ పట్టించను. షూ లేస్ భయం లేకుండా కట్టుకోగలిగి, తుమ్మితే నొప్పి లేకపోతే, అప్పుడు 20 కిలోల ఖాళీ బార్, అదీ నేల మీంచి కాదు, మోకాలి ఎత్తు దిమ్మెల మీంచి. మర్నాడు పొద్దున్న లేచేసరికి ముందురోజుకన్నా బిగుసుకోకపోతే వచ్చేవారం కాస్త పెంచండి. మళ్ళీ 80 దాకా రావడానికి మూడు నాలుగు నెలలు ఇవ్వండి. నిద్రలేచిన మొదటి గంట, రెండు గంటలు వంగి బరువులు ఎత్తకండి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అప్పుడు వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ.

చెల్లెలి నిశ్చితార్థానికి వెళ్ళండి. స్లీపర్ బస్సు వద్దు, రైలుకు వెళ్ళండి, లోయర్ బెర్త్ కోసం ఇప్పుడే ప్రయత్నించండి. దొరక్కపోతే ఎక్కగానే పక్కవాళ్ళను అడగండి, నడుం పట్టేసిందంటే కాదనేవాళ్ళు మన వైపు తక్కువ. బ్యాగు మీరు మోయకండి, స్నేహితుడిని స్టేషన్ దాకా రమ్మనండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి బోగీలో అటూ ఇటూ నడవండి. అక్కడ పీటల మీద, చాప మీద కూర్చోమంటారు, కుర్చీ అడిగి వేయించుకోండి. నిశ్చితార్థానికి ముందు వచ్చే గురువారం సాయంత్రం ఒకసారి మునివేళ్ళ మీద లేచి చూసుకుని, లాగుడు పైకి ఎక్కిందో కిందికి దిగిందో నాకు రాయండి. దిగి ఉంటే ప్రయాణానికి ముందే మిమ్మల్ని ఎవరో ఒకరు చూడాలి.